హీరోకైనా తూకం తప్పదు

తెనాలి నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. "మన హీరోలూ హీరోయిన్లూ చిన్న విమానం మాట్లాడుకుని సభలకీ, షూటింగులకీ వెళ్తున్నారు కదా! అలాంటి విమానంలో సామానుకు పరిమితే ఉండదట, ఎన్ని పెట్టెలైనా పడేసుకోవచ్చట. నిజమేనా? మా అన్నయ్య కువైట్ వెళ్తుంటే మామూలు విమానంలో రెండు కిలోలు ఎక్కువైందని ఆవకాయ జాడీ తీయించేశారు!" అని.

అన్నయ్యగారి ఆవకాయకు నా సానుభూతి. కానీ మిత్రమా, మీరు విన్నదానికీ అసలు సంగతికీ ఆమడ దూరం. పెద్ద విమానంలో రెండు కిలోలు ఎక్కువైతే డబ్బు కట్టించుకుని ఒప్పుకుంటారు. చిన్న విమానంలో డబ్బు కట్టినా ఒప్పుకోరు. ఒప్పుకోకూడదు! విమానం ఎంత చిన్నదైతే కిలోకి అంత పలుకుబడి.

మన పత్రికల్లో వచ్చే ఫోటోలు చూస్తూనే ఉంటారుగా. బుల్లి విమానం, నాలుగు మెట్లు, నల్ల కళ్ళద్దాలతో చెయ్యి ఊపుతున్న హీరో. చూడ్డానికి ఎంత బావుంటుందో! ఆ ఫోటోలో కనపడనిది ఒకటుంది. మెట్ల వెనకాల నేలమీద పెట్టిన కాటా. ఈ వారం ఆ కాటా కథే చెప్తాను.

ముందు కాస్త లెక్క. భయపడకండి, మూడో తరగతి కూడికలూ తీసివేతలే.

సెస్నా 172 అని ఒక విమానం ఉంది. ఒక్క ఇంజను, నాలుగు సీట్లు. 1956 నుంచి తయారవుతోంది. ప్రపంచంలో ఇంతకంటే ఎక్కువ సంఖ్యలో తయారైన విమానం మరొకటి లేదు. మన దేశంలోనూ విమానం నేర్పే బడుల్లో కనిపిస్తుంది. అందులో 172ఎస్ అనే రకం తీసుకుందాం. అన్నీ కలిపి గాల్లోకి లేవడానికి దానికున్న పరిమితి 1,157 కిలోలు. ఖాళీ విమానమే సుమారు 760 కిలోలు ఉంటుంది. మిగిలింది 397. టాంకు నిండా ఇంధనం పోస్తే దాదాపు 200 లీటర్లు. విమానాల పెట్రోలు లీటరు ముప్పావు కిలోకి కాస్త తక్కువ. అంటే 144 కిలోలు. ఇక మిగిలింది 253 కిలోలు.

ఇప్పుడు మనుషుల్ని ఎక్కించండి. మనిషికి 70 కిలోల చొప్పున నలుగురు 280. అయిపోయింది! సామాను మాటే ఎత్తకుండా 27 కిలోలు ఎక్కువ. నాలుగు సీట్లున్నాయి కదా, నలుగురం కూర్చుని, టాంకు నింపుకుని, తలో పెట్టె వెనక పడేసుకుని పోదాం అనుకుంటే కుదరదు. మూడిట్లో ఏదో ఒకటి వదులుకోవాలి. సామాను దించినా చాలదు, ఇంధనం తగ్గించుకుని దారిలో ఎక్కడో దిగి పోయించుకోవాలి, లేదా ఒక మనిషి ఆగిపోవాలి. కారులో ఆరుగురు సర్దుకున్నట్టు ఇక్కడ సర్దుకోవడం ఉండదు. కారు బరువెక్కితే మెల్లగా పోతుంది. విమానం మెల్లగా పోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఇది నాలుగు సీట్ల విమానం. హీరోలు ఎక్కే ఎనిమిది సీట్ల దానికి అంకెలు పెద్దవి. లెక్క మాత్రం ఇదే.

బరువు ఎంత అన్నది సగం కథే. ఎక్కడ అన్నది మిగతా సగం.

పల్లెటూరి పాఠకులకు ఇది చిటికెలో అర్థమవుతుంది. ఎడ్లబండికి సామాను ఎలా ఎత్తుతారు? ముందు భారమైతే కాడి ఎద్దుల మెడలమీద పడుతుంది, పాపం లాగలేవు. వెనక భారమైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతులు బిగుస్తాయి. అందుకే తాత ఒక బస్తా ముందుకు జరిపి, ఒకటి వెనక్కి జరిపి, కాడి కింద చెయ్యి పెట్టి చూసుకునేవాడు. విమానంలో ఆ తాత పని పైలట్ చేస్తాడు, కాగితం మీద. ఏ సీట్లో ఎంత బరువు, తోకవైపు అరలో ఎంత బరువు, ఒక్కొక్కటీ ఎంత దూరంలో ఉంది అని గుణిస్తాడు. మూడు మీటర్ల దూరాన ఉన్న 20 కిలోల పెట్టె, ఒక మీటరు దూరాన కూర్చున్న 60 కిలోల మనిషితో సమానం. అంటే తోకలో పెట్టె చూడ్డానికి చిన్నదైనా పెత్తనం పెద్దది!

ముందు భారమైతే విమానం ముక్కు లేవనని మొండికేస్తుంది. వెనక భారమైతే ఇంకా ప్రమాదం. ముక్కు తనంతట తనే లేస్తుంది, దించుదామన్నా దిగదు. ముక్కు మరీ లేస్తే రెక్కల మీదుగా పోయే గాలి చెదిరిపోయి రెక్కకు పట్టు పోతుంది. పైలట్లు దీన్ని స్టాల్ అంటారు. ఎత్తులో ఉండగా జరిగితే సర్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. లేచీ లేవగానే జరిగితే కింద నేల తప్ప ఏముంటుంది?

దీనికి తోడు మన ఎండలు. గాలి వేడెక్కితే పల్చబడుతుంది. పల్చటి గాలిలో రెక్కకు బలం తగ్గుతుంది, ఇంజనుకు ఊపిరి తగ్గుతుంది. పరుగు పెట్టాల్సిన దూరం పెరుగుతుంది, పైకెక్కే జోరు తగ్గుతుంది. ఊరు ఎత్తున ఉంటే అక్కడి గాలి ముందే పల్చన. బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి 530 మీటర్ల ఎత్తున ఉంది. బెంగళూరు 900 మీటర్లకు పైమాటే. అందుకే డిసెంబరు తెల్లవారుజామున హాయిగా లేచే బరువుతో మే నెల మిట్టమధ్యాహ్నం లేవడం అంత హాయిగా ఉండదు. పుస్తకంలో రాసిన పరిమితి పుస్తకానికి. ఆ పూట ఎండకి పరిమితి వేరే ఉంటుంది.

ఈ లెక్కంతా నాకు పుస్తకాల్లో కంటే ముందు కాటా దగ్గరే తెలిసింది. రెండేళ్ళ కిందటి మాట. ఒక హిట్ సినిమా విజయోత్సవ సభ గోదావరి జిల్లాలో పెట్టారు. నిర్మాతగారు చిన్న విమానం అద్దెకు మాట్లాడి, రాసేవాడు ఒకడుండాలి కదా అని నన్నూ రమ్మన్నారు. రెండు ఇంజన్లు, ఎనిమిది సీట్లు. మే నెల, పొద్దున పదకొండు గంటలు, బేగంపేట. 2008లో శంషాబాద్ వచ్చాక ప్రయాణికుల విమానాలన్నీ అటు వెళ్ళిపోయాయి గానీ, ఇలాంటి వాటికి బేగంపేట ఇంకా ఉంది.

హీరో, హీరోయిన్, నిర్మాతగారు, వారి బావమరిది, హీరోగారి మేనేజరు, అందరూ బాబాయ్ గారూ అని పిలిచే పెద్ద కారెక్టర్ నటుడు, హీరోయిన్ గారి హెయిర్ డ్రస్సరు, నేను. ఎనిమిది మందిమి లెక్కకు సరిపోయాం. సామాను వచ్చింది చూడండీ! హీరోయిన్ గారి సూట్‌కేసులు రెండు. హీరోగారిది ఒకటి, దానితో బాటు ఒక సంచీ. మేకప్ పెట్టె. మా అందరి చేతిసంచులు. అన్నిటికీ మించి రెండు చెక్క పెట్టెల నిండా షీల్డులు! విజయోత్సవం అంటే షీల్డులు ఉండాలి కదా. చెక్క, ఇత్తడి, అద్దం. ఒక్కో పెట్టెను ఇద్దరు మోసుకొచ్చారు.

మెట్ల దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. తెల్ల చొక్కా, భుజాల మీద చారలు. కో-పైలట్. ఇరవై ఆరేళ్ళుంటాయేమో. ముందు మా బరువులు అడిగి రాసుకుంది. తర్వాత నవ్వుతూ, "ఒక్కసారి దీని మీద నిలబడండి సార్" అని కాటా చూపించింది.

అక్కడ మొదలైంది తమాషా. నిర్మాతగారు నోటితో 75 అన్నారు, కాటా 91 అంది. బావమరిది గారు బూట్ల బరువన్నారు. విప్పి నిలబడితే ముల్లు కదిల్తేనా! హీరోయిన్ గారు మాత్రం చెప్పిందీ తూగిందీ ఒక్కటే. రోజూ చూసుకునేవాళ్ళు కదా మరి. మొత్తం మీద అందరి నోటి లెక్కకీ కాటా లెక్కకీ తేడా 41 కిలోలు. అంటే ఒక బక్కపల్చటి మనిషి టిక్కెట్టు లేకుండా మాతో ఎక్కబోయాడన్నమాట!

అమ్మాయి కాగితం చూసి చెప్పింది. "ఈ ఎండకి, ఈ ఇంధనంతో, మీరందరూ ఎక్కితే సామానుకు మిగిలేది 110 కిలోలు సార్. వచ్చింది 196. ఇందులో 86 కిలోలు దించాలి."

ఒక్క నిమిషం నిశ్శబ్దం. సినిమా వాళ్ళ మధ్య అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

"ఇంధనం తియ్యండమ్మా" అన్నారు బావమరిది గారు. మర్నాడు పొద్దున అక్కడ ఆలస్యం కాకుండా రాకపోకలు రెంటికీ ఇక్కడే పోయించారట. పోసినదాన్ని తోడెయ్యడం బావిలో నీళ్ళు తోడినట్టు కాదు, అదొక పెద్ద ప్రహసనం. పైగా దారిలో వాతావరణం బాగోక మరో ఊరు వెళ్ళాల్సి వస్తే అందుకూ కొంత ఉంచుకోవాలి. పెట్టె కోసం ఇంధనాన్ని తగ్గించుకుంటూ పోతే అక్కరకు రావలసిన చుక్క ఉండదు.

"అయితే ఈ అమ్మాయిని దించేద్దాం. బస్సులో వచ్చేస్తుంది" అన్నాడు మేనేజరు. హెయిర్ డ్రస్సరు కేసి చూపిస్తూ. ఆమె అప్పటికే సంచీ భుజాన వేసుకుంది. అలవాటైన ప్రాణం. యూనిట్లో చోటు చాలకపోతే మొదట దిగేది ఎవరో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

కో-పైలట్ కాగితం మీంచి తలెత్తకుండానే అంది, "ఆవిడ 48 సార్. ఆవిడ దిగినా ఇంకా 38 ఎక్కువే ఉంటుంది."

"ఆమె దిగితే నేనూ దిగుతా" అంది హీరోయిన్. గట్టిగా కాదు, మామూలుగానే. మేనేజరు ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు.

నిర్మాతగారికి కోపం వచ్చింది. "నువ్వు చిన్నపిల్లవమ్మా, నీకు తెలీదు. డబ్బు కట్టింది నేను. కెప్టెన్ గారిని పిలు, ఆయనతో మాట్లాడతా" అన్నారు. కెప్టెన్ గారు దిగొచ్చారు. జుట్టు నెరిసిన మనిషి. కాగితం తీసుకుని చూసి, మళ్ళీ ఆ అమ్మాయి చేతికే ఇచ్చి, "ఈ లెక్క సరిపోయాకే నేను సంతకం పెడతాను సార్. సంతకం పెట్టాకే విమానం కదుల్తుంది" అన్నారు. అంతే. ఇంకో మాట లేదు. లోడ్ అండ్ ట్రిమ్ షీట్ అంటారు ఆ కాగితాన్ని. విమానంలో ఎవరు ఎంత గొప్పవారో అందులో రాసే గడి ఉండదు. ఎన్ని కిలోలో రాసే గడే ఉంటుంది.

నేను ఆ అమ్మాయి మొహమే చూస్తున్నాను. అటు డబ్బు కట్టిన నిర్మాత, ఇటు బయట అభిమానులు పూలదండలు వేసే హీరో. మధ్యలో ఒక కాగితమూ, కాటా. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. మన పరిశ్రమలో పదేళ్ళుగా తిరుగుతున్నాను. కథ బాగోలేదని చెప్పగలిగినవాళ్ళు, ఈ ట్యూను పాతదని చెప్పగలిగినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. "సూపర్ సార్" అనేవాళ్ళే వందమంది. పెద్దవాళ్ళ ముందు "కుదరదండీ" అన్న మాట అంత మర్యాదగా, అంత నిక్కచ్చిగా వినడం నాకు అదే మొదలు.

ముడి విప్పింది బాబాయ్ గారు. చుట్ట కాల్చుకోవడానికి వీల్లేక అప్పటిదాకా గొణుక్కుంటున్న మనిషి నెమ్మదిగా అన్నారు, "షీల్డులు కారులో పంపించు నాయనా. అవి ఆలస్యమైతే ఓ గంట పాటలు పాడిస్తారు. మనం రాకపోతే సంతాప సభ పెడతారు."

నవ్వులు. నిర్మాతగారు కూడా నవ్వారు. షీల్డుల పెట్టెలు రెండూ 78 కిలోలు. వాటిని కారెక్కించారు. ఇంకా ఎనిమిది కిలోలు. అందరం ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే హీరోగారు సిగ్గుపడుతూ తన సంచీ విప్పారు. లోపల చెరో అయిదు కిలోల డంబెల్స్ రెండు! ఒక్కరోజు కసరత్తు మానేస్తే ఏమీ కాదులెండి అంటూ వాటిని కూడా షీల్డులతో పంపించేశారు. పది కిలోలు దిగాయి. రెండు కిలోలు మిగులు!

తర్వాత సీట్లు. హీరోగారికి వెనక సీటు ఇష్టం, కాళ్ళు చాపుకోవచ్చని. "మీరు ముందు కూర్చోవాలి సార్" అంది అమ్మాయి. నిర్మాతగారినీ ముందుకే పంపింది. వెనక సీట్లు హెయిర్ డ్రస్సరుకీ నాకూ. కాలమ్ రాసేవాళ్ళు జేబుతో సహా తేలికే కదండీ!

సభ బ్రహ్మాండంగా జరిగింది. షీల్డులు ఎనిమిదింటికి వచ్చాయి. ఆ లోపల నిజంగానే పాటలు పాడించారు. మర్నాడు తిరుగు ప్రయాణానికి వచ్చేసరికి అభిమానులు మూడు బుట్టల మామిడిపళ్ళు తెచ్చి పెట్టారు. మళ్ళీ కాటా! ఈసారి ఆ అమ్మాయే నవ్వింది. వచ్చేటప్పుడు కాలిన ఇంధనం మేరకు చోటుంది, పొద్దుటి గాలి చల్లగా ఉంది. "రెండు బుట్టలకు సరే. మూడోది వద్దు" అంది. మూడో బుట్ట అక్కడి సిబ్బంది పంచుకున్నారు. చూశారా, కాటాకు మనమీద పగ ఏమీ లేదు. చోటుంటే ఉందంటుంది, లేకపోతే లేదంటుంది.

ఇంత చిన్న విషయానికి ఇంత కథా అంటారేమో. ఇలాంటి సందర్భంలోనే కాటా మాట చెల్లనప్పుడు ఏం జరిగిందో చెప్తాను. ఇది మన దేశంలో జరిగింది కాదు.

ఆలియా అని అమెరికాలో ఒక గాయని ఉండేది. పదిహేనేళ్ళకే పాటల ప్రపంచంలో పేరు తెచ్చుకుంది. 2000లో "రోమియో మస్ట్ డై" అనే సినిమాలో జెట్ లీ సరసన నటించింది. 2001 ఆగస్టులో "రాక్ ది బోట్" అనే పాట చిత్రీకరణ కోసం బహమాస్ దీవులకు వెళ్ళింది. పని అయిపోయింది. ఆగస్టు 25 సాయంత్రం అబాకో దీవిలోని మార్ష్ హార్బర్ నుంచి ఫ్లోరిడాకు బయల్దేరారు. విమానం సెస్నా 402బి. రెండు ఇంజన్లు. పైలట్ కాక ఎనిమిది మంది. షూటింగ్ సామాను, పెట్టెలు. సామాను బరువు గురించి విమానం దగ్గర వాదన జరిగిందని అప్పటి పత్రికలు రాశాయి.

విమానం లేచింది. రన్‌వే చివర దాటీ దాటగానే కూలిపోయింది. తొమ్మిది మందీ పోయారు. ఆలియాకు 22 ఏళ్ళు.

దర్యాప్తులో తేలినవి వినండి. ఆ విమానం పరిమితి 6,300 పౌండ్లు, అంటే దాదాపు 2,860 కిలోలు. బయల్దేరింది దానికంటే దాదాపు 700 పౌండ్లు, అంటే 300 కిలోల పైచిలుకు ఎక్కువతో. పైగా భారమంతా వెనక్కి చేరి, ఉండకూడని చోటికి పోయింది. ఎడ్లబండి కాడి గుర్తుందిగా? అదే. ఇంకా ఘోరం ఏమిటంటే ఆ పైలట్‌కు ఆ ప్రయాణం నడిపే అనుమతే లేదు. అతని శరీరంలో మత్తుమందు, మద్యం ఆనవాళ్ళు దొరికాయి. కాదని చెప్పవలసిన మనిషే చెప్పే స్థితిలో లేడు. "క్వీన్ ఆఫ్ ది డామ్న్డ్" అనే ఆమె రెండో సినిమా మరుసటి ఏడు విడుదలైంది. చూసుకోవడానికి ఆమె లేదు.

పత్రికలన్నీ ఆలియా ఫోటో వేశాయి. వెయ్యాల్సిందే. కానీ ఆ విమానంలో జుట్టు సర్దేవాళ్ళున్నారు, మేకప్ చేసే మనిషి ఉన్నాడు, అంగరక్షకుడు ఉన్నాడు. సంచీ భుజాన వేసుకుని చెప్పిన చోట కూర్చునే మనుషులు. ఆ సాయంత్రం వాళ్ళలో ఎవరి మాటకు విలువుంటుంది? బరువు ఎక్కువైందని ఎవరు అనగలరు, అంటే ఎవరు వింటారు? బేగంపేటలో దిగబోయిన ఆ హెయిర్ డ్రస్సరు నాకు అందుకే గుర్తుండిపోయింది.

ఇంకొకటి. కీత్ గ్రీన్ అని అమెరికాలోనే భక్తిగీతాలు పాడే యువకుడు. 1982 జూలై 28న టెక్సాస్‌లో, ఇంటికి వచ్చిన కుటుంబాన్ని విమానంలో సరదాగా ఒక చుట్టు తిప్పి తీసుకొద్దామని ఎక్కాడు. సెస్నా 414 అనే చిన్న విమానం. అందులో 12 మంది! నలుగురు పెద్దవాళ్ళు, ఎనిమిది మంది పిల్లలు. కీత్ పిల్లల్లో ఇద్దరు అందులోనే. పిల్లలే కదా, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే సరి అని మనమూ ఆటోలో అనుకుంటాం. విమానం బరువు మించింది, వెనక భారమైంది. లేచిన కొద్దిసేపటికే కూలిపోయింది. ఒక్కరూ మిగల్లేదు. పెట్టెలు లేకపోయినా బరువు బరువే.

మనుషుల్ని కాటా ఎక్కించడం మర్యాదగా లేదు, తలకింత అని సగటు వేసుకోవచ్చుగా అంటారు కొందరు. పెద్ద విమానాల్లో అలాగే వేస్తారు. వందలమందిలో లావూ సన్నమూ కలిసి సరిపోతాయి. పది ఇరవై మంది విమానంలో సగటు మోసం చేస్తుంది. 2003 జనవరి 8న అమెరికాలో షార్లెట్ దగ్గర బీచ్‌క్రాఫ్ట్ 1900డి విమానం లేస్తూనే కూలి 21 మంది చనిపోయారు. తోకను ఆడించే తీగెను మరమ్మతులో సరిగా బిగించకపోవడం ఒక కారణం. లెక్కలో వేసుకున్న సగటుకంటే అసలు బరువు ఎక్కువై, భారం వెనక్కి పోవడం రెండోది. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం మనిషికి వేసుకోవాల్సిన సగటు బరువే పెంచింది. మర్యాద కోసం తగ్గించి చెప్పుకున్న కిలోలు కాగితం మీంచి పోతాయి గానీ విమానంలోంచి పోవు.

చిన్న విమానం అనగానే మన తెలుగువాళ్ళ మనసులో మెదిలే పేరు సౌందర్య. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరు నుంచి కరీంనగర్‌లో ఎన్నికల ప్రచారానికి బయల్దేరిన సెస్నా 180 లేచిన కాసేపటికే కూలిపోయింది. ఆమె, సోదరుడు అమర్‌నాథ్, మరో ఇద్దరు పోయారు. ఆ ప్రమాదాన్ని ఈ బరువుల కథలో కలపడం నా ఉద్దేశం కాదు, కలపకూడదు కూడా. కానీ మనకు నచ్చిన తార చిన్న విమానం మెట్లెక్కుతుంటే ఇప్పటికీ గుండె ఒక్కసారి కలుక్కుమంటుంది చూడండి, అది ఆ రోజు మిగిల్చిన కలుక్కే.

సరే, మనకెందుకండీ ఇవన్నీ, మనమేమైనా హీరోలమా అనకండి. చదువుకునే కుర్రాళ్ళు విమానం నేర్చుకుంటున్నారు. గుళ్ళకూ కొండలకూ హెలికాప్టర్లో వెళ్ళేవాళ్ళున్నారు. రేపు మీలో ఎవరు ఏ యూనిట్‌తో ఏ దీవికి వెళ్తారో ఎవరికి తెలుసు! కనక నాలుగు మాటలు జేబులో వేసుకోండి.

బరువు అడిగితే బట్టలతో, బూట్లతో, చేతిసంచీతో సహా నిజం చెప్పండి. అది మీ అందం గురించిన ప్రశ్న కాదు. గట్టి అట్టపెట్టెలూ సూట్‌కేసులూ వద్దు, మెత్తటి సంచులు తీసుకెళ్ళండి. ఖాళీ సూట్‌కేసే నాలుగైదు కిలోలు ఉంటుంది, పైగా చిన్న విమానం అర సన్నగా వంకరగా ఉంటుంది, అందులో దూరదు. ఇంట్లోనే తూచుకోండి. ఒక్క పెద్ద సంచీకంటే రెండు చిన్నవి మేలు, ముందొకటి వెనకొకటి సర్దడానికి వీలు. ఫోను చార్జి చేసుకునే పవర్ బ్యాంకు వెనక అరలో పడెయ్యకుండా మీ దగ్గరే ఉంచుకోండి. అంటుకుంటే కంటికి కనపడాలి కదా. పైలట్ సర్ది కట్టిన సంచీని అడక్కుండా జరపొద్దు, చెప్పిన సీటు మార్చొద్దు. తిరిగొచ్చేటప్పుడు పూతరేకులూ, మామిడిపళ్ళూ, ఊరివాళ్ళ ప్రేమా కలిసి సామాను పెరుగుతుంది. మళ్ళీ తూచమని మీరే అడగండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆఖరున. కాటా దగ్గర నిలబడ్డ మనిషి "కుదరదండీ" అంటే, ఆ మనిషి వయసు చూడకండి, జీతం చూడకండి, ఆడో మగో చూడకండి. మీ వెనకాల మేనేజరు ఎవర్నో దించేద్దామని వేలు చూపిస్తుంటే ముందు మీ పెట్టె దించండి. పెట్టె కారులోనైనా వస్తుంది. అరగంట ఆలస్యమైనా దాని పని అది చేస్తుంది.

ఆ కో-పైలట్ అమ్మాయి ఇప్పుడు కెప్టెన్ పరీక్షలు పూర్తి చేసిందట. మొన్న ఎవరో చెప్పారు. ఇకమీదట ఆ కాగితం కింద సంతకం కూడా ఆమెదే. ఆమె నడిపే విమానం ఏ హీరో ఎక్కుతాడో గానీ, ఆ హీరో అభిమానులు ఆ పూట నిశ్చింతగా ఉండొచ్చు.